డ్రిల్లు పీరియడ్‌లో డప్పు: టీచర్లకు ఆట నేర్పేదెవరు?

బడిలో వ్యాయామ విద్య అంటే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది విజిలు, వరస, సావధాన్, విశ్రామ్. ఆ తర్వాత టైముంటే కబడ్డీ, వాలీబాల్. నృత్యం కూడా వ్యాయామ విద్యలో భాగమేనని చెప్తే డ్రిల్లు సార్లే ముందు నవ్వుతారు. నృత్యమంటే వార్షికోత్సవం నాడు సినిమా పాటకు ఎగరడం, లేదంటే గజ్జెలు కట్టి గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకునే కూచిపూడి అని మన సమాజం రెండు గదులు కట్టి పెట్టింది. వాడలో పుట్టి, గూడెంలో పెరిగి, పనీపాటతో పాటే నడిచిన ఆటకు ఈ రెంటిలో ఏ గదీ లేదు. ఆ ఆటను వ్యాయామ పీరియడ్‌లోకి తేవాలంటే టీచర్లను ఎట్లా తయారు చెయ్యాలి, తెచ్చేటప్పుడు కులం ఎక్కడెక్కడ అడ్డం పడుతుంది అనేది ఈ వ్యాసంలో చర్చించదలచుకున్నాం. ప్రధానంగా డప్పు నృత్యాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం. చిక్కులన్నీ అందులోనే బాగా కనపడతాయి గనక.

ముందు ఇప్పుడున్న శిక్షణ సంగతి చూద్దాం. తెలుగు రాష్ట్రాల్లో పి.ఇ.టి. పోస్టుకు యు.జి.డి.పి.ఎడ్., స్కూల్ అసిస్టెంటు పోస్టుకు బి.పి.ఎడ్. చదివి డి.ఎస్.సి. ద్వారా వస్తారు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బి.పి.ఎడ్. రెండేళ్ల కోర్సయింది. దాని ప్రాక్టికల్స్‌లో లెజిమ్, డంబెల్స్, హూప్స్, మార్చ్‌పాస్ట్, టిప్రి వున్నాయి. టిప్రి అంటే మరేదో కాదు, మన కోలాటం లాంటిదే, మరాఠీ పేరుతో వచ్చి కూచుంది. అంటే లయకు తగ్గట్టు వొళ్లు కదిలించడం వ్యాయామ టీచరుకు కొత్త సంగతేమీ కాదన్నమాట. కాకపోతే ఇవన్నీ ఆగస్టు 15కి, జనవరి 26కి జరిగే ప్రదర్శన కోసం నేర్పేవి. వందమంది ఒకే దిక్కు చూస్తూ, ఒకే అంకెకు ఒకే చెయ్యి ఎత్తాలి. చూసేవాళ్లు వేదిక మీద కుర్చీల్లో వుంటారు. పిల్లవాడికి తనదంటూ ఒక్క అడుగు కూడా వుండదు.

ఇదీ పెద్ద బడుల మాట. చిన్న బడుల్లో ఆ మాత్రం కూడా లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతులున్న బడిలో పిల్లల సంఖ్య 100 దాటితేనే కళలకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు వుండాలి. 1 నుంచి 5 తరగతులకు అట్లాంటి ఏర్పాటు లేదు. అక్కడ తెలుగు చెప్పే టీచరే లెక్కలు చెప్పాలి, ఆమే ఆట ఆడించాలి. కాబట్టి నృత్య శిక్షణ అన్నప్పుడు వ్యాయామ టీచర్లనొక్కరినే లెక్కలోకి తీసుకుంటే చాలదు. జీవితంలో ఒక్కసారి కూడా నలుగురిలో అడుగు వేసి ఎరగని ప్రైమరీ టీచరును కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

నృత్యం బడికి ఎక్కిన తీరు

శ్రామిక జనం ఆట బడిలోకి రావడం మనతోనే మొదలు కాదు. ఇంగ్లండులో 1899లో సెసిల్ షార్ప్ అనే సంగీతం మాస్టారు హెడింగ్టన్ క్వారీ అనే వూళ్లో మోరిస్ ఆట చూశాడు. అతనికి ఆ బాణీలు వినిపించిన విలియం కింబర్ ఇటుక పని చేసుకునే తాపీమేస్త్రీ. పదేళ్లు తిరిగేసరికి, 1909లో, అక్కడి విద్యాశాఖ వ్యాయామ పాఠ్యప్రణాళికలో నృత్యం కూడా చేరింది. ఫిలిప్పీన్స్‌లో ఫ్రాన్సిస్కా రేయెస్ అకినో వ్యాయామ విద్య టీచరు. ఆమె వూరూరూ తిరిగి పల్లె నృత్యాలు సేకరించి, టీచర్లు చదివి నేర్పగలిగేట్టు అడుగు అడుగూ రాసి పెట్టింది. 1948లో రుడాల్ఫ్ లాబన్ రాసిన పుస్తకం బ్రిటన్ బడుల్లో ఇంకో దారి చూపింది. టీచరుకు అడుగులు రానక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు వేయడం వస్తే చాలు అనేది ఆ పద్ధతి సారాంశం. వొంట్లో ఏ భాగం కదులుతోంది? ఎటు, ఎంత ఎత్తులో కదులుతోంది? ఎంత బలంతో, ఎంత వేగంతో? ఎవరితో కలిసి? ఈ నాలుగు ప్రశ్నలను మనం తర్వాత వాడుకుంటాం.

మనకు ఎక్కువ పనికొచ్చే పాఠం మాత్రం బెంగాల్‌లో వుంది. గురుసదయ్ దత్ అనే ఐ.సి.ఎస్. అధికారి బీర్‌భూమ్ జిల్లా కలెక్టరుగా వుండగా రాయ్‌బేంశే అనే ఆట చూసి ముగ్ధుడయ్యాడు. అది బౌరీ, బాగ్ది, డోమ్ వంటి అంటరాని కులాల మగవాళ్లు ఆడే వీర నృత్యం. 1932లో ఆయన బ్రతచారి ఉద్యమం మొదలుపెట్టి, బడిపంతుళ్లకు శిబిరాలు నడిపి, ఆ ఆటను పిల్లల వ్యాయామంగా మార్చాడు. ఈ దేశంలో టీచర్లకు జానపద నృత్యం నేర్పి బడికి పంపిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అది ఒకటి. ఆయన చేసింది చిన్న పనేమీ కాదు. భద్రలోకులు ముక్కు మూసుకునే ఆటను వాళ్ల పిల్లల చేతనే ఆడించాడు. కానీ ఆ ఆటకు గౌరవం ఏ తోవన వచ్చింది? మధ్యయుగపు సైనికుల ఆట, బెంగాలీ జాతి పౌరుషం అని పేరు పెట్టినందుకు వచ్చింది. డోములదీ బౌరీలదీ అని కాదు. ఆట బడిలోకి వచ్చింది, ఆడినవాళ్లు జాతి అనే పెద్ద మాట వెనక నిలబడిపోయారు.

లెజిమ్ కథా ఇంతే. మహారాష్ట్ర పల్లెల్లో లెజిమ్ ఆడేది హల్గీ మోతకు. హల్గీ మన డప్పుకు చుట్టం, కొట్టేది మాంగు కులస్తులు. వ్యాయామ విద్యలోకి లెజిమ్ వచ్చింది. హల్గీ బయటే నిలబడింది. దాని చోట బ్యాండు డ్రమ్మూ విజిలూ వచ్చాయి. తోలు వాయిద్యాన్ని తీసేసి ఆటను మాత్రం పట్టుకుపోవడం ఎంత సాఫీగా జరిగిందంటే, మన డ్రిల్లు సార్లలో చాలామందికి లెజిమ్‌కు ఒక వాయిద్యం వుండేదన్న సంగతే తెలియదు.

డప్పు దగ్గరకొచ్చేసరికి

డప్పుతో అట్లా కుదరదు. ఇక్కడ ఆటా వాయిద్యమూ ఒకే మనిషి వొంటి మీద వున్నాయి. చెక్క చట్రానికి మేకతోలు బిగించి, ఎడమ భుజానికి తగిలించుకుని, కుడిచేత చిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టి కొడుతూ ఆడాలి. కొట్టే ముందు మంట దగ్గర కాపాలి, తోలు బిగిస్తేనే మోత. చావు దెబ్బ వేరు, పెళ్లి దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరు. దెబ్బ మారితే అడుగు మారుతుంది. మోకాళ్లు వంచి ముందుకు తూగడం, ఒంటికాలి మీద తిరగడం, గుంపంతా వలయంగా విచ్చుకుని మళ్లీ దగ్గరకు రావడం, ఇదంతా చేస్తూ చేతులు లయ తప్పకూడదు. కాళ్లకు ఒక పని, కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి ఇంకొకటి. వ్యాయామ శాస్త్రం సమన్వయం, దమ్ము, తూకం అని వేర్వేరు అధ్యాయాల్లో చెప్పేవన్నీ ఇందులో ఒకేసారి దొరుకుతాయి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ వుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బంతి కొనలేని బడికి, వాలీబాల్ నెట్టు కట్టే స్థలం లేని బడికి ఇంతకన్నా చవకైన సాధనం వుండదు.

మరైతే ఎందుకు రాలేదు? స్థలం, డబ్బు, టైము అని కారణాలు చెప్తారు. అసలు కారణం తోలు. మేము మాట్లాడిన వ్యాయామ టీచర్లలో కొందరు కోలాటానికి వెంటనే ఒప్పుకున్నారు, లెజిమ్‌కు సరేనన్నారు. డప్పు అనేసరికి 'పిల్లలు తేవాలి గదా, ఎవరింట్లో వుంటుందో చూడాలి' అన్నారు. ఎవరింట్లో వుంటుందో వాళ్లకు తెలుసు. సరిగ్గా ఇక్కడే శిక్షణ మొదలు కావాలి. తరగతిలో నిలబడి 'డప్పు ఎవరి దగ్గరుంది రా?' అని అడిగిన టీచరు, అటెండెన్సు తీసుకున్నంత సులభంగా కులం అటెండెన్సు తీసుకున్నట్టే. డప్పు బడి కొనాలి, బడి సామాన్ల గదిలో వాలీబాల్ పక్కన వుండాలి. కాపడం, మొయ్యడం, కొట్టడం అందరూ వంతుల వారీగా చెయ్యాలి. మాదిగ పిల్లవాడు కొడుతుంటే రెడ్ల పిల్లవాడు కర్చీఫు పట్టుకుని ఆడే ఏర్పాటైతే, వూరి పద్ధతినే బడిలో ఇంకోసారి ఆడించినట్టవుతుంది.

ఇప్పుడు ప్లాస్టిక్ పొర బిగించిన ఫైబరు డప్పులు వస్తున్నాయి. వానకు తడవవు, కాపనక్కర్లేదు, రోజువారీ పీరియడ్‌కు సుఖమే. వాటిని వాడొద్దని మేము అనం. కానీ టీచర్ల శిక్షణలో మాత్రం తోలు డప్పే వుండాలి. తోలును ముట్టుకోని టీచరు రేపు తరగతిలో తోలు గురించి పిల్లలు వేసే ఎగతాళిని ఎట్లా ఆపగలదు?

'మా పిల్లగాన్ని డప్పు కొట్టమని పంపలే'

ఇంకో వైపు నుంచి వచ్చే అభ్యంతరం దీనికన్నా బరువైనది. 'సారూ, మా నాయిన కొట్టిండు, నేను కొట్టిన. మా పిల్లగాన్ని చదువుకొమ్మని పంపిన గాని డప్పు కొట్టమని పంపలే' అనే తండ్రిని వెనకబడినవాడని కొట్టిపారేసే హక్కు ఏ కళాభిమానికీ లేదు. డప్పు కొట్టడం వాళ్లకు కళగా రాలేదు, వెట్టిగా వచ్చింది. చావుకు పిలిస్తే పోవాలి, పోకపోతే తన్నులు. కూలి అడిగితే దొర ఇచ్చినంత. అంబేద్కర్ 1927లో మహద్‌లో చచ్చిన పశువుల మాంసం మానమని, కులం అంటగట్టిన నీచపు పనులు వదలమని చెప్పిన మాటల వెనక వున్నది ఈ అనుభవమే. తమిళనాడులో చావులకు పరై కొట్టం అని దళితులు నిరాకరించిన పోరాటాలున్నాయి. ఆ తమిళనాడులోనే దిండిగల్‌లోని శక్తి జానపద కళా కేంద్రం దళిత యువతులకు పరై నేర్పి వేదికలెక్కించింది. ఒకరు వదిలేశారు, ఒకరు పట్టుకున్నారు. ఇద్దరూ తెంచుకున్నది ఒకే తాడు, ఊరు పిలిస్తే పోయి కొట్టాల్సిన బాధ్యతను.

మన దగ్గర 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా, చాటింపు వేసే పనికున్న పేరునే తన పేరుగా పెట్టుకుంది. డప్పు సభల ముందు నడిచింది. 2002 నుంచి ధూంధాం వేదికల మీద తెలంగాణ పాటకు వెన్నెముక అయింది. అంతకు ముందే విప్లవ సాంస్కృతిక సంఘాలు దాన్ని వాడాయి. దీంతో డప్పుకు ఇంకో అర్థం వచ్చింది. అయినా ఆ తండ్రి మాట చెల్లకుండా పోలేదు, ఎందుకంటే వేదిక మీద డప్పుకు చప్పట్లు కొట్టిన వూరే తెల్లారి చావుకు అదే మనిషిని పిలుస్తుంది.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. బడిలో డప్పు నేర్చుకునే భారం మాదిగ పిల్లల మీద పడకూడదు. నేర్చుకోవాల్సిన వాళ్లలో ముందు వరసలో వుండాల్సింది మిగతా కులాల పిల్లలు, టీచర్లు. దళిత పిల్లవాడు 'నేను కొట్టను సార్' అంటే కారణం అడగకుండా వదిలెయ్యాలి. కోలాటమో, థింసా అడుగో, తాళమో ఇంకేదైనా ఇవ్వాలి. ఈ ఒక్క సంగతి శిక్షణలో నోటితో చెప్తే సరిపోదు. టీచర్లలోనే ఒకరు పిల్లవాడుగా, ఒకరు సారుగా నిలబడి ఆడి చూడాలి. నిరాకరణను వినడం టీచర్లకు అడుగు నేర్చుకోవడం కన్నా కష్టం.

ఆడపిల్లల విషయంలో జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ వుండాలి. తెలంగాణ పల్లెల్లో జోగిని ఆచారం దళిత ఆడపిల్లల ఆటను జాతరకూ శవయాత్రకూ కట్టేసింది. 1988లో దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. చట్టంతో ఆచారం బలహీనపడింది గాని, ఆడపిల్ల నలుగురిలో ఎగిరితే ఏమంటారోనన్న భయం తల్లుల్లో అంత తొందరగా పోదు. కాబట్టి మొదటి వారాల్లో చూసేవాళ్లు లేకుండా, ఆడేవాళ్లే వుండే పీరియడ్ కావాలి. ఫోనుల్లో తియ్యడం వద్దని టీచర్లకు ముందే చెప్పాలి.

శిక్షణలో ఏం చెయ్యాలి

మామూలుగా జరిగే శిక్షణ ఎట్లా వుంటుందో పాఠకులకు తెలుసు. హాల్లో కుర్చీలు, రిసోర్స్ పర్సన్ ఉపన్యాసం, టీ, సంతకం. నృత్య శిక్షణకు కుర్చీలు తీసెయ్యడం మొదటి పని. టీచర్లు చెప్పులు విడిచి, నడవాలి. తోచినట్టు నడిచి, తర్వాత పక్కవాళ్ల అడుగు విని దానికి కలవాలి. నలభైమంది అడుగు నిమిషంలో ఒకటవుతుంది, ఎవరూ అంకె చెప్పనక్కర్లేదు. లయ అనేది అక్కడుంది. ఆ నడకకు చప్పట్లు కలపాలి. తర్వాత నోటితో డండనక అనుకుంటూ నడవాలి. తర్వాత రెండు పుల్లలు తీసుకుని పలక మీదో, బెంచీ మీదో కొట్టాలి. చివరికి డప్పు. మొదటి రోజే భుజానికి డప్పు తగిలిస్తే టీచరు భయపడి 'ఇది మాకు రాదు, వాళ్లకు పుట్టుకతో వస్తుంది' అంటుంది. పుట్టుకతో ఎవరికీ రాదు. వాడ పిల్లలకు వచ్చేది చిన్నప్పటి నుంచి చూసి, విని, డబ్బా మీద కొట్టుకుని నేర్చుకోవడం వల్ల. ఈ 'పుట్టుకతో వస్తుంది' అనే మాట పొగడ్తలాగా వినపడుతుంది గాని, అది కులసిద్ధాంతమే.

అడుగులు కొంచెం వొంటబట్టాక లాబన్ ప్రశ్నలు పనికొస్తాయి. ఇదే అడుగు ఇంకా కిందికి వంగి వేస్తే? సగం వేగంతో వేస్తే? ఎదురెదురుగా ఇద్దరు వేస్తే? పిల్లలు తమ అడుగులు తాము కట్టుకోవడానికి ఇది దారి. వరికోత, కలుపుతీత, గంప ఎత్తడం, చెప్పు కుట్టడం వంటి పనుల్లోని కదలికలను తీసుకుని నాలుగు అడుగులుగా కట్టమంటే, సర్కారు బడి పిల్లలు టీచరుకన్నా ముందుంటారు. అయితే ఏ పనిని ఎవరు చూపించాలో మాత్రం టీచరు పంచకూడదు.

డ్రిల్లుకూ ఈ ఆటకూ తేడా వరసలో వుంది. డ్రిల్లులో అందరూ సారును చూస్తారు. డప్పు, కోలాటం, అరకు థింసా, బతుకమ్మ అన్నీ వలయంలో ఆడేవి. అందరికీ అందరి ముఖాలూ కనపడతాయి. టీచరు కూడా వలయంలో ఒకరై నిలబడాలి. థింసాలో ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కట్టుకుంటారు. ఇక్కడే టీచరు కళ్లు తెరుచుకుని వుండాలి. ఎవరు ఎవరి పక్కన నిలబడడం లేదు? ఎవరు చెయ్యి ఇవ్వకుండా కొంగో, చొక్కా అంచో ఇస్తున్నారు? ఎవరి రెండు చేతులూ ఖాళీగా వున్నాయి? లెక్కల పీరియడ్‌లో బెంచీల చాటున దాగిన కులం వలయంలో బయటపడుతుంది. దాన్ని చూసి పిల్లల్ని తిట్టడం వల్ల లాభం లేదు. ప్రతి పాటకూ చోట్లు మారే ఆట పెట్టాలి, ఒక అడుగు కుడికి, పాట అయ్యేసరికి పక్కనున్న మనిషి మారాలి. నెల రోజుల్లో ప్రతి చెయ్యీ ప్రతి చేతినీ పట్టుకుంటుంది.

దేహానికి సంబంధించిన జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాం. గులకరాళ్ల నేల మీద ఉత్తకాళ్లతో ఎగరొద్దు. మధ్యాహ్నం ఎండలో వద్దు. మోకాళ్లు, చీలమండలు ముందు వేడెక్కాలి. చిన్న పిల్లలకు చిన్న డప్పు, భుజం పట్టీ వెడల్పుగా వుండాలి. తినకుండా వచ్చిన పిల్లలు ఎవరో టీచరుకు తెలిసుండాలి. నెలసరిలో వున్న అమ్మాయిని ఆపాల్సిన పని లేదు, ఆడమని బలవంతమూ వద్దు.

ఒక నిబంధన మాత్రం కాగితం మీద రాసి హెడ్మాస్టరు గదిలో తగిలించాలి. మంత్రి వస్తున్నాడని, కలెక్టరు వస్తున్నాడని పిల్లల్ని రోడ్డు మీద నిలబెట్టి డప్పు కొట్టించడం లేదు. ఇప్పటికి లెజిమ్, కోలాటం పడుతున్న పాట్లు చాలు. ఎదురు వెళ్లి డప్పు కొట్టడం ఏ పనికి గుర్తో మన తాతలకు బాగా తెలుసు.

ఇక నేర్పేదెవరు? ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. అంటే రాష్ట్రం దృష్టిలో డప్పు కళాకారుడనే మనిషి వున్నాడు, జాబితాలో పేరుంది. కానీ ఆ పేరు సహాయం పొందే పట్టికలో వుంది, బోధకుల పట్టికలో లేదు. డిగ్రీ లేదు గనక శిక్షణలో ఆయన 'ప్రదర్శన' ఇచ్చి శాలువా కప్పించుకుని పోతాడు. ఆయన దగ్గర నాలుగు రోజులు చూసిన డిగ్రీదారు మరుసటి సంవత్సరం రిసోర్స్ పర్సన్ అవుతాడు. బెంగాల్‌లోనూ ఇంగ్లండులోనూ జరిగింది ఇదే. దీన్ని ఆపడానికి పెద్ద సిద్ధాంతాలు అవసరం లేదు. శిక్షణ బిల్లులో డప్పు కళాకారుడి పేరు రిసోర్స్ పర్సన్ అనే గడిలో రాయాలి. డిగ్రీదారుకు ఇచ్చే గౌరవవేతనమే, అదే ప్రయాణ భత్యమే ఇవ్వాలి. హాల్లో ఆయనకు కుర్చీ వుండాలి, టీ అందరి గ్లాసుల్లోనే రావాలి, టీచర్లు ఆయన్ను 'మాస్టారు' అని పిలవాలి. బడిలో కూడా నెలకు రెండు పీరియడ్లు పార్ట్‌టైమ్ బోధకుడిగా ఆయన రావడానికి హెడ్మాస్టరు సంతకం చాలు. ఆయన ఆడించేటప్పుడు వ్యాయామ టీచరు స్టాఫ్ రూములో కూర్చోకుండా, పిల్లలతో పాటు వలయంలో నిలబడి నేర్చుకోవాలి.